బ్రేకు లేకుండా ఆపడం

సోమవారం రాత్రి బ్రేకులు తెగిన కారు గురువారం రాత్రికి కూడా ఆగలేదు.

"నాలుగు రోజులు మాస్టారూ! ఆ పిల్ల స్టీరింగు పట్టుకుని ఏడుస్తానే ఉంది, కారు పోతానే ఉంది," అంది సీతారావమ్మ, డ్రైవరు సీటు ముందుకు జరుపుకుంటూ. "మధ్యలో ఎవరిదో నిశ్చితార్థం కూడా అయిపోయింది. ఆ కారు మాత్రం ఆగలా."

వెనక సీట్లో లహరి ఆవలిస్తూనే నవ్వింది. ఫార్మసీ చదువుతున్న పిల్ల, కాలేజీ బస్సు వచ్చేలోపు డ్రైవింగ్ నేర్చుకోవడానికి వస్తుంది. "పెట్రోలు కొట్టించకుండా నాలుగు రోజులు తిరిగిందంటే అదేం కారో కనుక్కోండి ఆంటీ. మా నాన్నకి చెప్తా."

'ఏడో ముద్దాయి' అనే ఆ నేరపరిశోధన సీరియల్ టీవీలో రోజూ రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. తెల్లారి ఆరింటికి జగ్గయ్యపేట మార్కెట్ యార్డులో డ్రైవింగ్ స్కూలు కారెక్కేసరికి సీతారావమ్మ దగ్గర ఆ కథంతా సిద్ధంగా ఉంటుంది. ఎవరి మీద అనుమానం వచ్చిందో, ఇన్‌స్పెక్టర్ చాముండి ఏ వెంట్రుక తీసి ఏ కవర్లో వేసిందో చెప్పకుండా ఆమె క్లచ్ మీద కాలు పెట్టదు.

సీతారావమ్మ 'మాస్టారూ' అని పిలిచే కృపాజ్యోతి ఆ స్కూల్లో ఆడవాళ్ళకి నేర్పే ట్రైనరు. తక్కువ మాట్లాడుతుంది. పక్క సీట్లో కూచుని రోడ్డుని ఎంత చూస్తుందో, నేర్చుకునేవాళ్ళ పాదాల్నీ అంతే చూస్తుంది. భయం మొహంలోకి రాకముందే కాలివేళ్ళు ముడుచుకుంటాయని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. సీతారావమ్మకి చెప్పులు విప్పితేగానీ పెడల్ తెలియదు. వెండి మెట్టెలున్న ఆ వేళ్ళు మొదటి వారమంతా గుప్పిట మూసినట్టు ముడుచుకుని ఉండేవి. ఇవాళ ఇరవయ్యో రోజు. హాయిగా పరుచుకుని ఉన్నాయి.

"ఆ కారు సంగతి సరే. నిజంగా బ్రేకు పోతే మనం ఏం చెయ్యాలి?" అనడిగింది సీతారావమ్మ.

"దూకెయ్యాలి," అంది లహరి. "సీరియల్లో అందరూ దూకుతారుగా. పొదల్లో పడతారు. జడ కూడా చెదరదు."

"యాభయ్యారేళ్ళదాన్ని నేను దూకితే పొదలు చస్తయ్యే!"

జ్యోతి యార్డు వైపు చూసింది. పత్తి బళ్ళు రావడానికి ఇంకా టైముంది. ఆ చివర షెడ్డు కింద రెండు కుక్కలు తప్ప ఎవరూ లేరు. స్కూలు పాఠాల్లో ఇది లేదు. కానీ అడిగింది మంచి ప్రశ్న అనిపించింది.

"ఖాళీగానే ఉందిగా అండి. చూపిస్తా," అంది. "ముందు రెండు మూడుసార్లు టకటకా తొక్కి చూడాలి. ఒక్కోసారి మళ్ళీ పట్టుకుంటుంది. పట్టుకోకపోతే ఇంక దాన్ని నమ్ముకోవద్దు. యాక్సిలేటర్ మీంచి కాలు తీసేసి గేర్లు తగ్గించుకుంటూ రండి. నాలుగులోంచి మూడు, మూడులోంచి రెండు. ఒకేసారి ఒకటికి పోవద్దు. ఇంజనే బండిని వెనక్కి గుంజుతుంది. నెమ్మదించాక హ్యాండ్ బ్రేకు."

"తాళం తీసేస్తే పోలా?"

"తాళం తీస్తే స్టీరింగు బిగుసుకుపోద్దండి. దాన్ని మాత్రం ముట్టుకోకూడదు."

మొదటిసారి సీతారావమ్మ హ్యాండ్ బ్రేకుని ఒక్క గుంజు గుంజింది. కారు వెనక చక్రాలు కీచుమంటూ పక్కకి జారాయి. లహరి ముక్కు ముందు సీటుకి తగిలింది. షెడ్డు కింద కుక్కలు లేచి ఇంకో షెడ్డు కిందికి పోయాయి.

"అట్లా కాదండి. బటన్ నొక్కే ఉంచండి, వదలొద్దు. నిండు బిందె బావిలోంచి పైకి తీస్తారు చూడండి, తొణక్కుండా. అట్లా కొంచెం కొంచెం లేపాలి. పక్కకి జారుతుందనిపిస్తే కొంచెం దించాలి."

"అట్లా చెప్పు మరి!"

రెండోసారి బాగా వచ్చింది. మూడోసారి ఇంకా బాగా వచ్చింది. నలభైలో పోతున్న కారు ఇంజను మూలుగుతూ, తల వంచుకుని, లహరి గీసిన సుద్దగీత దగ్గర ఆగేది. సీతారావమ్మకి ఇది తెగ నచ్చేసింది. రివర్సు నేర్చుకోవాల్సిన టైమంతా బ్రేకు లేకుండా ఆపడంతోనే అయిపోయింది. తొమ్మిదిసార్లు ఆపింది. తొమ్మిదోసారి గీత మీద ముందు చక్రం సరిగ్గా నిలిపి, చేతులు రెండూ దులుపుకుంది.

"ఆ సీరియల్ పిల్లకి నీ ఫోన్ నంబరు ఇవ్వాల్సిందే మాస్టారూ. మొదటి రోజే ఆపేసేది."

"అప్పుడు వాళ్ళకి ఎపిసోడ్లుండవు ఆంటీ," అంది లహరి, ముక్కు రుద్దుకుంటూ.

వచ్చే శుక్రవారం నందిగామలో సీతారావమ్మకి లైసెన్సు టెస్టు. లహరే తన ఫోన్లో స్లాటు బుక్ చేసి పెట్టింది.

సోమవారం పొద్దున జ్యోతి స్కూలు గదిలోకి అడుగు పెట్టేసరికి, ఓనరు భవానీప్రసాద్ కుర్చీలో సుబ్బరాయుడు కూచుని ఉన్నాడు. భవానీప్రసాద్ ఆయన పక్కన నిలబడి ఉన్నాడు. ఆ వరసలో ఉన్న ఆరు గదులూ సుబ్బరాయుడివే. గుమ్మం పక్కన బల్ల మీద, ట్రాఫిక్ గుర్తుల చార్టు కింద, సీతారావమ్మ చీర కొంగు చేతిలో పట్టుకుని కూచుంది. జ్యోతిని చూసి నవ్వలేదు.

"ఏమ్మా, నువ్వేనా మా ఇంటావిడకి నేర్పేది?" అన్నాడు సుబ్బరాయుడు.

"నేనేనండి."

"హైవే మీద హ్యాండ్ బ్రేకు లాగమని నువ్వే చెప్పావా?"

జ్యోతి సీతారావమ్మ వైపు చూసింది. ఆమె నేలచూపులు చూస్తోంది.

"బ్రేకు పడకపోతే చెయ్యమని చెప్పానండి."

"విన్నావా ప్రసాదూ!" ఆయన బల్ల మీద చరిచాడు. పెన్నుల డబ్బా ఎగిరి పడింది. "నేననుకున్నదే. టీవీలో చూసినవన్నీ ఇక్కడ నేర్పుతున్నారు."

నిన్న ఆదివారం నందిగామలో వాళ్ళ బంధువుల గృహప్రవేశం. డ్రైవరు రాలేదు. ఎల్ బోర్డు ఎటూ ఉంది, నేను పక్కనే ఉంటా, ఏం నేర్చుకున్నావో చూస్తానని ఆయనే భార్య చేతికి తాళం ఇచ్చాడు. దారిలో చేను చూసుకుని బయల్దేరారు. నవాబుపేట దాటాక డివైడరు మధ్య సందులోంచి పత్తి ట్రాక్టరు అడ్డం వచ్చింది.

"బ్రేకు తొక్కానండి. పడలా," అంది సీతారావమ్మ.

"నువ్వుండవే. బ్రేకు తొక్కలేదు ప్రసాదూ, క్లచ్ తొక్కింది. కంగారులో కాలు తప్పింది. తప్పితే తప్పింది, ఊరుకోకుండా టకటకా గేర్లు మార్చి, ఆ హ్యాండ్ బ్రేకు పట్టుకుని లాగటం మొదలెట్టింది. నా ఒళ్ళో పెరుగు గిన్నె. నాలుగు లీటర్ల పెరుగు! తీసుకెళ్ళి వాళ్ళకివ్వాల్సింది నా మీద పోసుకున్నా. ఖద్దరు చొక్కా, పంచె, లోపల బనీను దాకా. గృహప్రవేశానికి పోయి వాళ్ళ బావమరిది లుంగీ కట్టుకుని భోంచేశా!"

భవానీప్రసాద్ కింది పెదవి పళ్ళ మధ్య పెట్టుకుని గోడ వైపు చూశాడు.

"ట్రాక్టరుకి తగిలిందా అండి?" అనడిగింది జ్యోతి.

"తగల్లేదు," అంది సీతారావమ్మ, ఈసారి తలెత్తి. "రెండు బారల దూరంలో ఆపా."

"ఆపిందంట! దేవుడాపాడు," అన్నాడు సుబ్బరాయుడు. "మెకానిక్ మోజెస్ని అక్కడికి పిలిపించి చూపించా. షెడ్డుకి తీసుకెళ్ళి నాలుగు చక్రాలూ విప్పి చూశాడు. బ్రేకులు బంగారంలా ఉన్నాయన్నాడు. ఆర్నెల్ల బండికి బ్రేకు ఎందుకు పోద్ది? ఈవిడేమో పడలా పడలా అంటది. రాత్రి మా ఇంట్లో చర్చ ఏంటో తెలుసా? ఎవరో కావాలని వైరు కోశారంట, మళ్ళీ వాళ్ళే వచ్చి అతికించారంట!"

"అది నేనన్లేదు, మీ చెల్లెలంది," అంది సీతారావమ్మ.

"ఎవరంటే ఏంటి! టెస్టూ వద్దు, డ్రైవింగూ వద్దు. ప్రసాదూ, ఈ అమ్మాయిని పెట్టుకుంటే రేపు ఇంకొకళ్ళని చంపుద్ది. నీ ఇష్టం." ఆయన లేచాడు. సీతారావమ్మ కూడా లేచింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి జ్యోతి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తప్పు చేసిన పిల్ల టీచర్ని చూసినట్టుంది. జ్యోతికి అది బాధనిపించింది.

వాళ్ళు వెళ్ళాక భవానీప్రసాద్ తన కుర్చీలో కూచుని, పెన్నులన్నీ ఏరి డబ్బాలో వేశాడు.

"కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండమ్మా. ఆయన చల్లబడ్డాక చూద్దాం."

"నేను తప్పు నేర్పలేదండి."

"నాకు తెలుసు. పదిహేనేళ్ళు లారీ తోలా, బ్రేకు పోతే ఏం చెయ్యాలో నాకు తెలీదా? కానీ గది ఆయనది. పైగా బ్రేకులు బాగున్నాయని మెకానిక్ చెప్పాడు. నేనేం మాట్లాడను?" డబ్బా పక్కకి జరిపి, "ఆడవాళ్ళ బ్యాచ్ కొన్నాళ్ళు నేనే చూసుకుంటాలే," అన్నాడు.

ఆడవాళ్ళు ఆయన దగ్గర నేర్చుకోరని, ఆయన అరుస్తాడని, అందుకే జ్యోతిని పెట్టుకున్నాడని ఇద్దరికీ తెలుసు. కారు తాళం టేబుల్ మీద పెట్టి జ్యోతి బయటికి వచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ మోగేటప్పటికి జ్యోతి ఇంటి ముందు అరుగు మీద కూచుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఈ వేళప్పుడు ఇంట్లో ఉండటం ఆమెకి అలవాటు తప్పింది. కోళ్ళు కూడా కొత్తగా చూస్తున్నాయి.

"మాస్టారూ," అంది సీతారావమ్మ అవతల్నించి, గొంతు తగ్గించి. "ఒక్క మాట నిజం చెప్పు. నేను క్లచ్ తొక్కుంటానా?"

"మీకేమనిపిస్తుందండి?"

"నిన్న పొద్దుటిదాకా బ్రేకే తొక్కాననుకున్నా. రాత్రికి అనుమానమొచ్చింది. ఇవాళ ఆయన మళ్ళీ పది మందికి చెప్పారు. అందరూ నవ్వారు. ఇప్పుడు నాకే క్లచ్ తొక్కాననిపిస్తంది. నా వల్ల నీ ఉద్యోగం పోయింది. క్లచ్చేనని ఒప్పుకుంటా. అప్పుడు తప్పు నాదవుద్ది, నేర్పినదాన్ది కాదు."

జ్యోతి చేతిలో మిరపకాయ పక్కన పెట్టింది. మొన్నటిదాకా పెడల్ మీద హాయిగా పరుచుకున్న ఆ వేళ్ళు ఇప్పుడు చెప్పుల్లో ముడుచుకుని ఉంటాయని ఆమెకి తెలిసిపోయింది.

"ఏదీ ఒప్పుకోవద్దండి. నేనడిగినదానికి చెప్పండి. చెప్పుల్లేకుండానే తోలారుగా?"

"ఆఁ."

"తొక్కినప్పుడు పెడల్ ఎట్లా అనిపించింది? అడుగుదాకా పోయిందా?"

"పోలా. సగంలో ఆగింది. కొంచెం పట్టినట్టే పట్టి ఆగిపోయింది. నువ్వు చెప్పినట్టు మూడుసార్లు తొక్కా. మూడుసార్లూ అంతే. మెత్తగా... మడతపెట్టిన గోతం మీద కాలేసినట్టు."

జ్యోతి లేచి నిలబడింది. "క్లచ్ అయితే అడుగుదాకా పోతుందండి. బ్రేకు ఆయిలు పోయినా అడుగుదాకా పోద్ది. మధ్యలో ఆగిందంటే కింద ఏదో ఉంది. కాళ్ళ కింద ఏముంది ఆ రోజు?"

"ఏముంటది, మ్యాటు. దాని మీద మా ఆయన పరిచిన ఫ్లెక్సీ."

"ఫ్లెక్సీనా?"

"చేలో దిగొచ్చాంగా, కాళ్ళనిండా రేగడి. కొత్త మ్యాటు పాడవుద్దని పరిచారు. ఆయనకి కారు కంటే కారు మ్యాటు మీద ప్రేమెక్కువ. ఆ మ్యాటు మాయకుండా ఇంకో రబ్బరు మ్యాటు, అది మాయకుండా ఫ్లెక్సీ. సీట్ల ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యనీలా."

మోజెస్ షెడ్డు చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గర ఉంది. జ్యోతి షేరాటోలో దిగేసరికి అతను లారీ కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"బాబాయ్, సుబ్బరాయుడుగారి కారు నువ్వేగా చూసింది? బ్రేకులు చూసే ముందు లోపల ఏం తీశావు?"

"ఏం తీస్తా, మ్యాట్లు తీశా," అంది లారీ కిందనుంచి గొంతు. "అంతా పెరుగు. ముందు కడిగితేగానీ చెయ్యి పెట్టబుద్ధి కాలా. కడిగి, ఆరబెట్టి, అప్పుడు చూశా."

"ఫ్లెక్సీ ఉండాలి."

"అదా. డ్రైవరు కాళ్ళ కాడ ముద్దలా ఉంది. పారేద్దామనుకుని, కంప్రెషర్ మీద కప్పా. ఎండకి బానే ఉంది."

జ్యోతి కంప్రెషర్ దగ్గరికి వెళ్ళింది. తెల్ల వైపు పైకి ఉంది, రేగడి మరకలతో. వేలితో తడిమింది. నిలువునా మూడు నాలుగు ముడతలు, ఒకదానిమీద ఒకటి నలిగిన గుర్తులు. ఆ ముడతల చివర చిన్న చతురస్రం, అందులో అడ్డగీతలు. పెడల్ వెనకవైపు ఉండే గీతలే. ఒకటి కాదు, పక్కపక్కనే మూడు. ఆమె ఆ మూడింటినీ చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఫ్లెక్సీ తిప్పింది.

"బాబాయ్, ఒకసారి బయటికి రా."

మోజెస్ వచ్చి చూశాడు. చేతిలో స్పానరు కింద పెట్టాడు. తర్వాత తను కూడా కింద కూచున్నాడు, నవ్వు ఆపుకోలేక.

మర్నాడు పొద్దున సీతారావమ్మే భర్తని షెడ్డుకి తీసుకొచ్చింది. కారులో ఇంకా పెరుగు వాసన వస్తోందని, మోజెస్ ఏదో మందు కొడతాడని చెప్పింది. డ్రైవరు కారు ఆపి టీకి వెళ్ళాడు. షెడ్డులో జ్యోతిని చూడగానే సుబ్బరాయుడి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఈ అమ్మాయి ఇక్కడెందుకుంది?"

"ఒక్క పది నిమిషాలండి," అంది జ్యోతి. మడతపెట్టిన ఫ్లెక్సీ, తెల్ల వైపు పైకి, ఆయన చేతికిచ్చింది. "ఆదివారం దీన్ని ఎలా పరిచారో అలాగే పరిచి చూపిస్తారా అండి? మీలా ఎవరికీ రాదంట."

చివరి మాట ఆయనకి నచ్చింది. పంచె ఎగ్గట్టి, డ్రైవరు వైపు తలుపు తెరిచి వంగాడు. ఫ్లెక్సీని నాలుగు మడతలు వేశాడు. అంచులు సమంగా వచ్చేలా అరచేత్తో నొక్కాడు. రబ్బరు మ్యాటు మీద, బొమ్మ వైపు కిందికి ఉండేలా పరిచాడు.

"బొమ్మ కింద ఎందుకండి?" అన్నాడు మోజెస్ అమాయకంగా.

"బొమ్మ మీద కాళ్ళు పెట్టకూడదయ్యా."

"ఇప్పుడు మీరు కూచోండి," అంది జ్యోతి. మోజెస్ చెంబుడు నీళ్ళు నేల మీద పోశాడు. ఆయన చెప్పులు విప్పి, ఆ తడిమట్టిలో కాళ్ళు పెట్టి, గొణుక్కుంటూ ఎక్కి కూచున్నాడు.

"ఇంజను ఆన్ చెయ్యొద్దు. ఊరికే తోలుతున్నట్టు కాలు ఆడించండి. మడమ కింద ఆనించి, యాక్సిలేటర్, బ్రేకు. మళ్ళీ యాక్సిలేటర్. ఇక్కణ్ణుంచి నవాబుపేట దాకా."

"పనీపాటా లేదా నాకు?"

"తోలండి," అంది సీతారావమ్మ. కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

ఆయన తోలాడు. జ్యోతి తలుపు దగ్గర గొంతుకూచుని చూస్తోంది. మడమ కదిలినప్పుడల్లా ఫ్లెక్సీ వేలెడు ముందుకి జారుతోంది. తడి రబ్బరు మ్యాటు అంచుని కూడా తనతో తోసుకుంటూ పోతోంది. ముందు ఒక ముడత లేచింది. దాని వెనక ఇంకోటి. ఆయనకి అది తెలియడం లేదు. ఆయన కళ్ళు అద్దంలోంచి ఎదుటి రోడ్డు మీద ఉన్నాయి. నిజంగానే తోలుతున్నట్టు మొహం సీరియస్‌గా పెట్టాడు. ఒకసారి ఎడమచేయి హారన్ మీదికి కూడా పోయింది.

"ట్రాక్టరొచ్చిందండి," అంది జ్యోతి. "బ్రేకు!"

ఆయన తొక్కాడు. పెడల్ సగం దిగి ఆగింది. మళ్ళీ తొక్కాడు. మెడ నరాలు పొంగేలా తొక్కాడు. మూడోసారి తొక్కి, కాలు అలాగే ఉంచి, కదలకుండా కూచున్నాడు.

మోజెస్ కూడా నవ్వలేదు.

"క్లచ్ కాదు," అన్నాడు ఆయన చివరికి, స్టీరింగుతో చెబుతున్నట్టు. తర్వాత తల తిప్పి భార్య వైపు చూశాడు. "నువ్వు బ్రేకే తొక్కావు."

"తొక్కానని చెప్పాగా," అంది సీతారావమ్మ. గట్టిగా అందామనుకుందేమో, మాట సగంలో తడబడింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

ఆయన దిగి, పెడల్ కింద ఇరుక్కున్న ముద్దని రెండు చేతులతో లాగి బయటికి తీశాడు. మడతలు విప్పుకుని అది కాళ్ళ దగ్గర పరుచుకుంది, ఈసారి బొమ్మ వైపు పైకి. నిరుడు ఆయన షష్టిపూర్తికి మిర్చికొట్ల వాళ్ళు కట్టించిన ఫ్లెక్సీ అది. పట్టు కండువాతో, చేతులు జోడించి, మీసాల కింద చిరునవ్వుతో సుబ్బరాయుడు ఉన్నాడు. నుదుటి మీద చతురస్రాలు, ఒకదాని పక్కన ఒకటి, మూడు పాతవి, మూడు కొత్తవి.

సీతారావమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"మాస్టారూ," అంది. "ఇన్‌స్పెక్టర్ చాముండికి ఆరు నెలలైనా ముద్దాయి దొరకలా. మనకి మూడు రోజుల్లో దొరికాడు. ఫొటోతో సహా."

మోజెస్ ఇంక ఆపుకోలేదు. లారీ చక్రానికి ఆనుకుని మరీ నవ్వాడు. జ్యోతి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. సుబ్బరాయుడు తన బొమ్మని, బొమ్మ మీద గుర్తుల్ని చూశాడు. మీసం కింద ఏదో కదిలింది. "ఎంత బలంగా తొక్కావే," అన్నాడు. దానితో సీతారావమ్మకి కూడా నవ్వొచ్చింది.

టీలు వచ్చాయి. ఆయన రెండు గుక్కలు తాగి ఫోన్ తీశాడు.

"ప్రసాదూ, ఆ అమ్మాయిని రేపట్నుంచి రమ్మను."

ఫోన్ పెట్టేయబోతుంటే జ్యోతి అంది, "నేను తప్పు నేర్పలేదని కూడా చెప్పండి."

ఆ మాట తన నోటినించి వచ్చిందా అని జ్యోతికే ఆశ్చర్యంగా ఉంది. కానీ ఆయన మొహం మీంచి చూపు తిప్పుకోలేదు.

సుబ్బరాయుడు టీ గ్లాసు పక్కన పెట్టాడు. ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ప్రసాదూ, ఉన్నావా? ఆ అమ్మాయి నేర్పింది సరైందేనయ్యా. అది నేర్పబట్టే ఇద్దరం బతికాం." అవతల భవానీప్రసాద్ ఏదో అడిగాడు. "తప్పెవరిదంటావా? దొరికాడులే," అని ఫోన్ కట్ చేశాడు.

శుక్రవారం టెస్టు స్లాటుని ఎవరూ రద్దు చెయ్యలేదు. ఎలా రద్దు చెయ్యాలో లహరికి తప్ప ఎవరికీ తెలియదు, లహరిని ఎవరూ అడగలేదు.

నందిగామ వెళ్ళేటప్పుడు కారు డ్రైవరు తోలాడు. సుబ్బరాయుడు ముందు సీట్లో, సీతారావమ్మ, జ్యోతి వెనక. దారంతా సీతారావమ్మ మాట్లాడలేదు. సీరియల్ గురించి కూడా చెప్పలేదు. నవాబుపేట దగ్గర డివైడరు సందు వచ్చినప్పుడు కిటికీ వైపు మొహం తిప్పుకుంది. జ్యోతి కిందికి చూసింది. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

ట్రాకు దగ్గర ఆమెకంటే ముందు తొమ్మిది మంది. సుబ్బరాయుడు కంచె పట్టుకుని నిలబడి, ఎవరి బండి తగిలి హద్దు కర్ర పడినా "అయ్యో" అంటున్నాడు. ఒక కుర్రాడు ఎనిమిది గుర్తు తిప్పలేక బండి ఆపేస్తే, "మా ఆవిడైతే తిప్పేది" అని పక్కాయనతో అన్నాడు. ఆ మాట వెనక నిలబడ్డ సీతారావమ్మకి వినిపించింది. చెప్పులు విప్పి జ్యోతి చేతికిచ్చి కారెక్కింది.

ఎనిమిది నిదానంగా తిప్పింది. రివర్సులో ఒకచోట ఆగి, వెనక్కి చూసుకుని, మళ్ళీ కదిలింది. ఎత్తు మీద ఆపి, అంగుళం కూడా వెనక్కి జారకుండా ఎక్కించింది. దిగాక ఆఫీసరు, "ఎత్తు మీద హ్యాండ్ బ్రేకు అంత నిదానంగా వదిలినోళ్ళు ఈ వారంలో లేరమ్మా, ఎవరు నేర్పారు?" అనడిగాడు. సీతారావమ్మ కంచె అవతల తన చెప్పులు పట్టుకుని నిలబడ్డ జ్యోతిని చూపించింది.

పాసయ్యాక డ్రైవరుకి అక్కడే ఏదో పని చెప్పి, బస్సులో రమ్మని పంపించాడు సుబ్బరాయుడు. ఎందుకు పంపించాడో ఎవరూ అడగలేదు. తాళం సీతారావమ్మ చేతిలో పెట్టి, తనే వెళ్ళి పక్క సీట్లో కూచున్నాడు. జ్యోతి వెనక కూచుంది. కింద రబ్బరు మ్యాటు లేదు, ఏదీ లేదు, ఆర్నెల్లుగా ఎవరూ చూడని అసలు మ్యాటు తప్ప.

ఊరు దాటేదాకా ఆయన బాగానే ఉన్నాడు. హైవే ఎక్కాక ముందు ఆటో కనపడితే కుడికాలు నేలకేసి తొక్కాడు. లారీ కనపడితే రెండు కాళ్ళూ తొక్కాడు. కాళ్ళ కింద కొత్త మ్యాటు నలుగుతోంది. ఆయనకి తెలియడం లేదు.

"ఏవండీ, అక్కడ బ్రేకు లేదు," అంది సీతారావమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"నేనేం తొక్కట్లేదే."

"కాళ్ళ చప్పుడు వినపడతంది."

ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. అరకిలోమీటరు పోయాక అవి మళ్ళీ ముందుకొచ్చాయి.

నవాబుపేట దగ్గర సందులోంచి ట్రాక్టరు ఒకటి ముక్కు బయటికి పెట్టింది. నిండా పత్తి. రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కొంచెం కదిలి ఆగింది, మళ్ళీ కదిలింది. సుబ్బరాయుడి చెయ్యి తలుపు మీది పిడిని గట్టిగా పట్టుకుంది. వెనకనుంచి జ్యోతికి ఆయన మెడ బిగుసుకోవడం కనిపించింది. ఇప్పుడు అరుస్తాడనుకుంది.

ఆయన అరవలేదు. రెండు కాళ్ళూ నేల మీంచి పైకి తీసుకున్నాడు. పంచె సర్దుకుని, అంత పెద్దమనిషి, సీటు మీద బాసిపట్టు వేసుకుని, భోజనాల బంతిలో కూచున్నట్టు కూచున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

సీతారావమ్మ అద్దంలో వెనక చూసుకుంది. యాక్సిలేటర్ మీంచి కాలు తీసి బ్రేకు మీద పెట్టింది. పరుచుకున్న వేళ్ళతో, మెత్తగా, ఒకేలా నొక్కింది. కారు నెమ్మదించి, ట్రాక్టరుకి చాలా దూరంలోనే నిలబడింది. ట్రాక్టరు వాడు చెయ్యెత్తి దణ్ణం పెట్టి, తీరిగ్గా రోడ్డు దాటాడు. ట్రాలీ మీంచి నాలుగు పత్తి పింజలు గాలికి లేచి అద్దం ముందు తేలిపోయాయి.

ఆయన కాళ్ళు దించలేదు.

"ఇంక పోనీ," అన్నాడు.